ఎర్రగుడ్డ కట్టిన హార్డ్ డిస్క్

లైన్‌మన్‌కు కోపం వస్తే అరవడు, స్క్రూడ్రైవర్ తీస్తాడు. మిక్సీ మొరాయించినా అంతే, ఇస్త్రీపెట్టె అలిగినా అంతే. ఒకసారి ఎదురింటివాళ్ల తలుపు గడియ బిగుసుకుపోతే పిలవకుండానే వెళ్లి, గడియతో పాటు తలుపు కూడా ఊడదీసి, సాయంత్రానికి రెండూ బిగించి వచ్చాడు. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన లైన్‌మనే. ఆయన భార్య ఆపరేటరమ్మ. వాళ్ల అసలు పేర్లు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనబడవు.

ఆ మంగళవారం పొద్దున ఆయన స్క్రూడ్రైవర్ తీసింది కంప్యూటర్ కోసం. వెనకగదిలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల ఉంది. దానికి ఒక చివర కంప్యూటర్, ఇంకో చివర ఆపరేటరమ్మ కుర్చీ, ఆ కుర్చీ ముందు మైకు. రెండు రోజులుగా కంప్యూటర్ డబ్బాలోంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది. గోడగడియారం అలా కొట్టుకుంటే దానికి ఆరోగ్యం. ఇది గడియారం కాదు. లైన్‌మన్ డబ్బా మూత విప్పి, లోపలికి తొంగిచూసి, ఏమీ అర్థంకాక, మళ్లీ మూత బిగించి, దాన్ని చంకనెత్తుకుని వీధి చివరి మెకానిక్ దగ్గరికి నడిచాడు.

మెకానిక్ దానికి కరెంటిచ్చి చెవి ఆనించి విన్నాడు.

"అంకుల్, ఇందులో రెండు హార్డ్ డిస్కులున్నాయి. చిన్నది బాగానే ఉంది, కంప్యూటర్ దాని మీదే నడుస్తోంది. చప్పుడు చేస్తోంది ఈ పెద్దది. దీని పని అయిపోవచ్చింది."

"అయిపోవచ్చింది అంటే ఎంతలో?"

"వారం బతకొచ్చు, గంటలో పోవచ్చు. నా దగ్గర పెట్టి వెళ్లండి, నా ముందు ఇంకా చాలా పని ఉంది, పది రోజుల్లో చూస్తాను. ఇందులో ముఖ్యమైనవేమైనా ఉన్నాయా? లేవంటే శుభ్రంగా తుడిచేసి..."

లైన్‌మన్ డబ్బాని రెండు చేతులతో తన వైపు లాక్కున్నాడు. ముఖ్యమైనవేమైనా ఉన్నాయా అని అడుగుతున్నాడు చూడండి మనిషి.

ఇందులో ఏమున్నాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో లైన్‌మన్ ఏ స్తంభం ఎక్కాలన్నా ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను తీసుకోవాలి. అక్కడ ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఆపి, "లైన్ ఆపాను, ఎక్కండి" అంటుంది. పని అయ్యాక మళ్లీ ఫోన్ చేసి లైను తిరిగి అప్పజెప్పాలి. "మనుషులంతా దిగారా?" అని ఆమె అడుగుతుంది. దిగారు అంటేనే కరెంటు వదులుతుంది. అలా రెండేళ్లపాటు ముఖమైనా చూడని ఒక ఆడమనిషి గొంతును నమ్ముకుని ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్తంభాలెక్కాడు. గొంతు నిండుగా, తొణక్కుండా ఉండేది. మూడో ఏడు ఇక ఉండబట్టలేక సబ్‌స్టేషన్‌కే వెళ్లాడు. "లైను కావాలంటే ఫోను చాలు కదా, మీరెందుకు వచ్చారు?" అని ఆమె అడిగింది. ఆ ఏడాదే పెళ్లయింది.

ఇద్దరూ రిటైరయ్యాక ఆమె గొంతుకు పని లేకుండా పోయింది. ఊరి అవతల చూపు లేని ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. అక్కడి వార్డెనమ్మ ఒకరోజు వచ్చి, పిల్లల పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసిపెట్టే మనిషి కావాలంది. ఆపరేటరమ్మ సరేనంది. ఏడేళ్లకు పైగా, రోజూ పొద్దున రెండు గంటలు, అరవై మూడు పుస్తకాలు. అన్నీ ఆ పెద్ద డిస్కులోనే ఉన్నాయి. పదో తరగతి సైన్సు అరవై నాలుగోది. తొమ్మిది పాఠాలయ్యాయి. అప్పుడు మెడలో గడ్డ లేచింది, ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దానితో పాటు గొంతూ పోయింది. మిగిలింది గుసగుస. పక్కన కూర్చున్నవాళ్లకు వినబడుతుంది, గుమ్మం దాకా చేరదు. ఇంతకంటే రాదమ్మా అని డాక్టరు చెప్పేశాడు.

అంటే ఆ డిస్కు పోతే, ఆ గొంతు ఇక భూమ్మీద ఎక్కడా లేదు. కొత్త డబ్బా కొనవచ్చు, కొత్త పుస్తకం కొనవచ్చు, మళ్లీ చదవమంటే ఎవరు చదవాలి? పైగా శనివారం పదకొండు గంటలకు వార్డెనమ్మ పాఠాలు ఎక్కించుకోవడానికి ఖాళీ మెమరీ కార్డులు పట్టుకుని వస్తుంది. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. పాత కార్డులు వాడి వాడి పాడైపోయాయి, పధ్నాలుగు మంది పిల్లలు వీటి కోసమే చూస్తున్నారు.

"నువ్వు పది రోజులకు చూడక్కర్లేదు," అన్నాడు లైన్‌మన్. "కొత్త డిస్కు ఒకటివ్వు. నేనే పెట్టుకుంటాను."

"మీరా?"

"ముప్పై అయిదేళ్లు తీగలతోనే బతికాను. దీనికెన్ని తీగలు?"

"రెండు. ఒకటి కరెంటుది, ఒకటి సమాచారం వెళ్లేది." మెకానిక్ నవ్వు ఆపుకుని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "రెండూ పెట్టండి. ఆన్ చేయండి. అప్పుడే పుట్టిన డిస్కు కదా, దాని మీద ఏ గుర్తూ ఉండదు, అందుకని మామూలు పేజీలో కనబడదు. డిస్కులన్నీ వరసగా చూపించే పేజీ ఒకటుంది, అది తెరవండి. ఈ డిస్కును వాడాలంటే సిద్ధం చేయాలి, చేయమంటారా అని అదే అడుగుతుంది. ఓకే కొట్టండి, అంతే. అప్పుడు పాతదాంట్లోవి ఇందులోకి కాపీ చేసుకోవచ్చు."

లైన్‌మన్ అంతా ఒక చీటీ మీద రాసుకున్నాడు. డిస్కు కొనేటప్పుడు కూడా పాతదానికి అచ్చు కవలపిల్లలాంటిదే అడిగి తీసుకున్నాడు, అదే కంపెనీ, అదే సైజు. స్తంభం మీద పగిలిన పింగాణీ గుబ్బ మార్చినా అదే రకం పెట్టడం ఆయన అలవాటు.

బుధవారం పొద్దున పని మొదలైంది. డబ్బా రెండు వైపుల మూతలూ విప్పి బల్ల మీద నిలబెట్టాడు. కొత్త డిస్కును అరలో బిగించాడు, సమాచారం తీగ పెట్టాడు. కరెంటు తీగకు ఖాళీ మూతి లేకపోతే, ఒకటి రెండుగా చీలే తీగ ముక్క తెచ్చి, డబ్బా అవతలి వైపున కరెంటు పెట్టె దగ్గర అతుకు పెట్టాడు. తీగలన్నీ కట్టగా చేసి ముచ్చటగా కట్టాడు. ఇంకా ఆన్ చేయలేదు, అంతలో వంటింట్లోంచి గ్లాసు మీద స్పూను రెండుసార్లు మోగింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ ఇంట్లో భోజనానికి పిలుపు అదే.

ఇక్కడ లైన్‌మన్‌కు ఒక పట్టింపు ఉంది. సగం పనిలో భోజనానికి లేవాలంటే, ముందు ఆ పనికి కరెంటు తెగ్గొట్టాలి. తెగ్గొట్టినచోట ఎర్రగుడ్డ కట్టాలి. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇది ఊరికే వచ్చిన చాదస్తం కాదు. చాలా ఏళ్ల కిందట పక్క సెక్షన్‌లో ఒకడు, పని అయిపోయిందనుకుని ఇంకొకడు కట్టిన గుడ్డ విప్పేశాడు. పైనున్నవాడు బతికాడు, అతని కుడిచెయ్యి మాత్రం దక్కలేదు. ఆలుమగలిద్దరూ ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అదే చట్టం. ఎర్రగుడ్డల సంచి ఇప్పటికీ తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది.

అందుకని లైన్‌మన్ అవతలి వైపు కొత్త డిస్కు అతుకు ఊడదీసి, దానికి ఎర్రగుడ్డ కట్టి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోను మోగింది. వార్డెనమ్మ. చెయ్యి ఎంగిలి కావడంతో ఎడమచేత్తో స్పీకర్ నొక్కాడు.

"శనివారం తప్పకుండా వస్తానండీ. ఇంకోమాట. సైన్సు పదో పాఠం నుంచి ఇంకెవరితోనైనా చదివిస్తామంటే పిల్లలు ససేమిరా అంటున్నారు. అమ్మగారి గొంతు తగ్గితే తగ్గనివ్వండి, మేం చెవిలో పెట్టుకునేగా వినేది, గట్టిగా ఉండక్కర్లేదు అంటున్నారు. నేను అడగకూడదు, వాళ్లు అడగమన్నారని అడుగుతున్నాను."

ఆపరేటరమ్మ కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. వంటింట్లో కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. లైన్‌మన్ కంచం పక్కకు జరిపాడు. వెనకగదిలోని మైకు కాడకు ఇంకో ఎర్రగుడ్డ ఉంది. అది ఆయన కట్టింది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున ఆమే ఆ సంచిలోంచి ఒకటి తీసి మైకుకు కట్టేసింది. ఎనిమిది నెలలైంది. ఆయన రోజూ బల్ల తుడుస్తాడు, మైకు తుడుస్తాడు, ఆ ముడి చుట్టూ తుడిచే గుడ్డ తిప్పుతాడు, ముడి మాత్రం ముట్టుకోడు. ఎన్నిసార్లు ముట్టుకోవాలనిపించిందో ఆయనకే తెలుసు.

ఆ బాధలో భోజనం సగంలో వదిలేసి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కాడు. అవతలి వైపు అతుకు ఊడదీసిన సంగతి, దానికి గుడ్డ కట్టిన సంగతి, రెండూ బుర్రలోంచి ఎగిరిపోయాయి.

ఇంకేముంది. కొత్త డిస్కుకు కరెంటే లేదు, అదెక్కడ కనబడుతుంది? పేజీ తెరిస్తే రెండే డిస్కులు, చిన్నదీ, పాత పెద్దదీ. ఆపి, సమాచారం తీగ మార్చి, మళ్లీ ఆన్ చేశాడు. రెండే. తీగను ఇంకో మూతికి పెట్టాడు. రెండే. కంప్యూటర్ లేవగానే ఒక మీట నొక్కి పట్టుకుంటే ఇంకో పేజీ వస్తుందని ఎక్కడో చదివి, అందులోకి వెళ్లి వెతికాడు. అక్కడా రెండే. గురువారమంతా ఇదే తంతు. చీటీ మీద ఒక్కో ప్రయత్నానికి ఒక గీత గీస్తూ పోయాడు, సాయంత్రానికి పంతొమ్మిది గీతలయ్యాయి. మధ్యలో మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఇంకో పిడుగు పడింది.

"అంకుల్, పాతదాన్ని ఊరికే ఆన్ చేసి ఆపకండి. ఆన్ చేసినప్పుడల్లా దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది."

"ఆ ముక్క మొన్నే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు ఒక్కసారి ఆన్ చేస్తే చాలుననుకున్నాను."

లైన్‌మన్ పంతొమ్మిది గీతల వైపు చూసుకున్నాడు. తన చేత్తో తానే భార్య గొంతును పంతొమ్మిది మెట్లు కిందికి దించాననిపించింది. అయినా పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. వేరే ఎవరైనా అయితే ఆ రాత్రికి డబ్బాను మెకానిక్ గుమ్మంలో పెట్టి దణ్ణం పెట్టేవాళ్లు. ఈయన కంప్యూటర్ ఆపి, పొద్దున ఆరింటికి లేచి, చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, మళ్లీ దాని ఎదుట కూర్చున్నాడు.

ఈ మూడు రోజులూ ఆపరేటరమ్మ బల్లకు అవతలి చివర తన కుర్చీలో కూర్చుని ఏదో కుట్టుకుంటూనే ఉంది. ఆయనకు కనబడని వైపు ఆమెకు తిన్నగా కనబడుతుంది. కరెంటు పెట్టె దగ్గర ఊడి వేలాడుతున్న తీగ, దానికి నిగనిగలాడే ఎర్రగుడ్డ. ఏదో ఆలోచించే కట్టి ఉంచాడు, మనకెందుకులే అనుకుంది. ఆయన కట్టిన గుడ్డను గురించి నలభై ఏళ్లలో ఆమె ఒక్కసారైనా ఎందుకని అడగలేదు, ఇప్పుడు కొత్తగా ఏం అడుగుతుంది?

శుక్రవారం పొద్దున, ఇరవయ్యో గీత. కంప్యూటర్ లేచింది, పాత డిస్కు టక్ టక్ టక్ అని ఒక నిమిషం కొట్టుకుని ఊరుకుంది. లైన్‌మన్ పేజీ తెరిచాడు. స్క్రీన్ మధ్యలో చిన్న చీటీలాంటిది లేచింది. ఈ డిస్కును వాడాలంటే ముందు సిద్ధం చేయాలి, చేయమంటారా? కింద ఓకే.

మెకానిక్ చెప్పిన మాట అక్షరాలా అదే. సైజు కూడా కొత్త డిస్కుదే. లైన్‌మన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఏమోయ్, వచ్చింది," అన్నాడు. "చివరికి మెడలు వంచాను దీనికి."

మౌస్‌ను ఓకే మీదికి తెచ్చాడు. వేలు మీట మీద పెట్టాడు. నొక్కాల్సిందే మిగిలింది.

కానీ ముప్పై అయిదేళ్ల అలవాటు ఒకటుంది. కరెంటు పోయిందని సబ్‌స్టేషన్ చెప్పినా సరే, తీగ మీద చెయ్యి వేసే ముందు ఒకసారి లెక్క చూసుకోవాలి. ఇటు ఎన్ని తీగలు, అటు ఎన్ని తీగలు, ఏది ఎక్కడికి పోతోంది. లైన్‌మన్ వేలు తీయకుండానే కళ్లతో లెక్కపెట్టాడు. చిన్న డిస్కు ఒకటి. సిద్ధం చేయమంటున్న పెద్దది ఒకటి. మొత్తం రెండు. ఉండాల్సినవి మూడు. నిన్న రెండు, ఇవాళా రెండే. కొత్తది వచ్చి ఉంటే పాతది ఎటు పోయింది?

ఆయన మీట మీది నుంచి వేలు తీసేశాడు. మౌస్‌ను బల్ల మీద దూరంగా జరిపాడు.

"ఏమైంది?" ఆపరేటరమ్మ గుసగుసలాడింది.

"ఇది ఏదో తెలియట్లేదు. రెండూ కవలలు కదా. తెలియకుండా చెయ్యి పెట్టను. పాతదాన్ని పూర్తిగా తప్పించి ఆన్ చేస్తాను, అప్పుడు మిగిలిందే కొత్తది." అంటూ కంప్యూటర్ ఆపి, తలుపు వెనక సంచిలోంచి ఒక ఎర్రగుడ్డ తీసుకుని వచ్చాడు.

ఆమె సూది ఆపి చూసింది. "ముందు కట్టింది విప్పకుండానే ఇంకోటా?"

"ముందు కట్టిందేమిటి?"

ఆమె సూదితో డబ్బా వెనక వైపు చూపించింది. లైన్‌మన్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు, ఆమె కుర్చీ పక్కన నిలబడి చూశాడు. బుధవారం మధ్యాహ్నం తన చేత్తో ఊడదీసిన అతుకు, తన చేత్తో వేసిన ముడి.

"దీన్ని నువ్వు చూశావా?"

"మూడు రోజుల నుంచీ చూస్తున్నా."

"చూసి చెప్పలేదా? నా తల ప్రాణం తోకకొస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"మీరు లైను తీసుకున్నారు," అందామె. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకోవాల్సి వస్తోంది, అయినా ఆగలేదు. "తిరిగి ఇవ్వలేదు. మీరివ్వకుండా ఏనాడైనా నేను కరెంటు వదిలానా?"

లైన్‌మన్ బల్లకు చేరగిలబడ్డాడు. అప్పుడు గాని ఆయనకు అసలు సంగతి పూర్తిగా తలకెక్కలేదు. కొత్త డిస్కుకు కరెంటే లేనప్పుడు, సిద్ధం చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది ఏ డిస్కు గురించి? పాతదాని గురించి. జబ్బు ముదిరి, లోపలిది చదవలేక, అది ఆ పూటకు ఖాళీదానిలా కనబడింది. ఓకే కొట్టి ఉంటే దాన్ని కొత్త డిస్కే అనుకుని మిగతా పనీ చేసేసేవాడు. అరవై మూడు పుస్తకాలూ, తొమ్మిది పాఠాలూ, ఆయన్ని స్తంభాలెక్కించిన ఆ గొంతూ, అన్నీ కలిసి ఊడ్చుకుపోయేవి. ఆ మాట భార్యకు చెప్పాడు. ఆమె లేచి ఆయన మోచెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నీళ్లు తాగాక లైన్‌మన్ మళ్లీ లైన్‌మన్ అయ్యాడు. చేసిన పొరపాటు తెలిసిన మనిషికి ఉండే ఓపిక ఇంకెవరికీ ఉండదు. ముందు పాత డిస్కు కరెంటు తీగ ఊడదీసి దానికి రెండో ఎర్రగుడ్డ కట్టాడు. తరువాత బుధవారం నాటి ముడి విప్పి, ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని, అతుకు గట్టిగా నొక్కాడు. ఆన్ చేశాడు. టక్ టక్ లేదు. సన్నగా, హాయిగా ఒక రొద. పేజీలో చిన్నదీ, దాని కింద ఒకే ఒక పెద్దదీ. అదే చీటీ మళ్లీ లేచింది. ఈసారి ఏ డిస్కు గురించి అడుగుతోందో అనుమానమే లేదు, డబ్బాలో కరెంటున్న పెద్దది ఇదొక్కటే. అయినా ఆపరేటరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీన్ మీది ప్రతి మాటా ఇద్దరూ చదివాకే ఓకే కొట్టాడు. తరువాత దానికి ఒక అక్షరం గుర్తుగా పెట్టమంది, పేరు పెట్టమంది. 'గొంతు' అని పెట్టాడు. మామూలు పేజీలో కొత్త డిస్కు వచ్చి కూర్చుంది, నిండా ఖాళీతో.

ఇక పాతది. కంప్యూటర్ ఆపి, రెండో గుడ్డ విప్పి, దాని తీగ పెట్టి, మళ్లీ ఆన్ చేశాడు. టక్ టక్. పేజీలో లేదు. ఆపి, అరగంట చల్లారనిచ్చి, డబ్బాకు ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, మళ్లీ ఆన్ చేశాడు. లేదు. ఆపరేటరమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆయన ఇంకో అరగంట ఆగాడు. ఆగడమంటే ఆయనకు తెలుసు, వానలో స్తంభం కింద గంటలు గంటలు ఆగినవాడే. మూడోసారి టక్ టక్ మధ్యలో ఎక్కడో దాని గుండె కుదుటపడింది. మూడు డిస్కులు. పాతదాంట్లో ఫైళ్లు కనబడ్డాయి.

"ఏది ముందు?" అని అడిగాడు.

"పదో తరగతివి," అందామె. "తరువాత తొమ్మిది. చిన్న పిల్లలవి ఆఖర్న."

ఒకేసారి అన్నీ లాగితే పాతదానికి ఆయాసం వస్తుందని ఒక్కో పుస్తకం చొప్పున కాపీ చేశాడు. ఒక పుస్తకం అవగానే చీటీ మీద పేరు రాసి టిక్కు పెట్టాడు. రెండుసార్లు పాతది బిగుసుకుపోయింది, రెండుసార్లూ ఆపి, చల్లార్చి, వదిలినచోటి నుంచి అందుకున్నాడు. భోజనానికి లేవలేదు. ఆమే కంచం బల్ల దగ్గరికి తెచ్చి పెట్టింది. అరవై మూడో టిక్కు పడి, ఆ తరువాత సైన్సు తొమ్మిది పాఠాలూ వచ్చేసరికి నాలుగైంది. తొమ్మిదోది చేరిన కాసేపటికే పాత డిస్కు మూడుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఇక లేవలేదు. లైన్‌మన్ దాన్ని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. దాని మీద ఆయనకేమీ కోపం లేదు, చేయాల్సిన పని చేసే పోయింది.

"సరిగ్గా వచ్చాయో లేదో ఒకటి విని చూడాలి," అన్నాడు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. ఈ ఎనిమిది నెలల్లో ఎప్పుడు ఆ ఫైళ్లు తెరిచినా ఆమె గదిలో ఉండలేదు. ఈసారి కదల్లేదు. సైన్సు తొమ్మిదో పాఠం తెరిచాడు. గది నిండా ఆ గొంతు. నిండుగా, తొణక్కుండా. లైన్‌మన్ కళ్లు తుడుచుకోవడానికి కూడా మొహమాటపడలేదు. ఆమె కూడా ఏడ్చింది, అయితే చివరిదాకా వింది. పాఠం అయిపోయాక, రికార్డింగ్‌లో కాగితం తిప్పిన చప్పుడు, దాని తరువాత ఏమీ లేదు.

"ఇందులో ఇంకా ఎంత ఖాళీ ఉంది?" అని అడిగింది.

"పదో వంతైనా నిండలేదు."

ఆమె కొంచెంసేపు స్క్రీన్ వైపు చూసింది. లేచి, బల్ల అవతలి చివరకు వెళ్లి, తన కుర్చీలో కూర్చుంది. మైకు కాడకున్న ముడి ఎనిమిది నెలల్లో బిగుసుకుపోయింది, గోళ్లతో తీయడానికి చాలాసేపు పట్టింది. లైన్‌మన్‌కు లేచి సాయం చేయాలని ఉంది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. ముడి ఊడింది. ఆమె ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, బల్ల మీదుగా ఆయన వైపు జరిపింది.

"లైను తిరిగి ఇస్తున్నాను," అంది, ఉన్నంత గొంతుతో.

లైన్‌మన్‌కు ఈ మాటకు ఏమనాలో తెలుసు. నలభై ఏళ్ల కిందట స్తంభం దిగి చెమట కారుతూ ఫోన్ పట్టుకున్నప్పుడు ఎన్ని వందలసార్లు విన్నాడో. ఎప్పుడూ తాను మాత్రం అనలేదు.

"మనుషులంతా దిగారా?"

"దిగారు."

ఆయన ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకుని, మౌస్‌తో రికార్డు మీట నొక్కాడు. ఆమె మైకును నోటికి దగ్గరగా లాక్కుని, సైన్సు పుస్తకంలో దారం పెట్టి ఉంచిన పేజీ తెరిచింది. పదో పాఠం అంది. బల్ల ఇవతలికి ఆ మాట గాలిలో చేరలేదు. ఆయన చెవిలో మాత్రం, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు, ఒక్క అక్షరం కూడా పోకుండా వినబడింది.